సెల్ఫ్ కొడితే తిరుగుతుంది, స్టార్ట్ కాదు: ఈ రిపేరు బిల్లు కట్టాలా?

ప్రశ్న: మా పెట్రోలు కారుకు ఒక రోజు సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతూనే ఉంది గానీ స్టార్ట్ కాలేదు. షెడ్డుకు లాగించుకుని వెళ్లాను. స్కానర్ పెడితే పీ0335 అనే కోడ్ వచ్చింది. ఆ తెరను ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. సెల్ఫ్ కొట్టేటప్పుడు పెట్రోలు పంపు తిరగడం లేదని చెప్పి, నా అనుమతితో పంపు మార్చారు. ఫలితం లేదు. తరవాత నన్ను అడగకుండానే ప్లగ్గులు, వాటికి కరెంటు అందించే కాయిల్స్ మార్చారు. ఇప్పుడు ఈసీఎం (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) మార్చాలంటున్నారు. మొత్తం బిల్లు కడితేనే బండి ఇస్తామంటున్నారు. స్టార్ట్ కాని బండికి డబ్బు కట్టాలా? రెండో తాళంచెవి నా దగ్గరే ఉంది కనుక, వాళ్లు లేనప్పుడు బండిని లాగించుకుని వచ్చేయవచ్చా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. భారతీయ న్యాయ సంహిత, 2023లోని 303వ సెక్షన్ కింద సరిగ్గా ఇలాంటి ఉదాహరణే ఉంది. బాగుచేయడానికి ఇచ్చిన గడియారాన్ని, రావలసిన కూలికి హామీగా దుకాణదారు చట్టబద్ధంగా తన వద్ద ఉంచుకున్నప్పుడు, ఆ హామీ అతనికి దక్కకుండా చేయాలనే ఉద్దేశంతో యజమాని దాన్ని తీసుకుపోతే, తన సొంత గడియారమే అయినా అది దొంగతనం అవుతుంది. బాకీ అసలే లేదని మీరు వాదించవచ్చు. కానీ ఆ వాదన వినిపించవలసింది వినియోగదారుల కమిషన్‌లో గానీ, పోలీస్ స్టేషన్‌లో ముద్దాయిగా నిలబడి కాదు.

షెడ్డువారికి బండిని ఆపే హక్కు ఇచ్చేది భారత ఒప్పందాల చట్టం, 1872లోని 170వ సెక్షన్. అయితే అది హద్దులున్న హక్కు. అప్పగించిన ప్రయోజనానికి అనుగుణంగా, శ్రమ గానీ నైపుణ్యం గానీ వెచ్చించి చేసిన పనికి న్యాయంగా రావలసిన ప్రతిఫలం అందేవరకే, అది కూడా మీ మధ్య వేరే ఒప్పందం లేనప్పుడే, వస్తువును ఉంచుకోవచ్చు. మీరు అడగని కాయిల్స్ ఖరీదు ఆ ప్రతిఫలంలోకి వస్తుందా అన్నదే మీ వివాదంలో ఒక ముఖ్యమైన భాగం.

ఇక బండి స్టార్ట్ కాలేదన్న ఒక్క కారణంతో మీరు కేసు గెలవలేరు. స్టార్ట్ చేసి ఇస్తామని హామీ ఇస్తే తప్ప, మెకానిక్ ఇవ్వవలసింది ఫలితం కాదు, తన వృత్తిలో ఉన్నవారికి ఉండవలసిన శ్రద్ధ, నైపుణ్యం. సేవాలోపాన్ని రుజువు చేసే భారం ఫిర్యాదుదారుడిదేనని 2021లో సుప్రీంకోర్టు ఎస్‌జీఎస్ ఇండియా, డాల్ఫిన్ ఇంటర్నేషనల్ కేసులో స్పష్టం చేసింది. కాబట్టి మీరు చూపవలసింది పరీక్షించకుండానే భాగాలు మార్చారన్న సంగతి. ఆ విషయంలో మీ ఫోన్‌లోని ఫొటో మీరు అనుకుంటున్నదానికన్నా విలువైనది.

పీ0335 అనేది క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపాన్ని సూచించే కోడ్. ఇంజిన్ తిరుగుతోందన్న సంగతి ఈసీఎంకు ప్రధానంగా ఆ సెన్సర్ ద్వారానే తెలుస్తుంది. చాలా బళ్లలో ఇగ్నిషన్ ఆన్ చేయగానే పెట్రోలు పంపు రెండు మూడు సెకన్లు తిరిగి ఆగిపోతుంది. ఆ తరవాత సెన్సర్ నుంచి సంకేతం అందితేనే ఈసీఎం పంపును మళ్లీ నడిపి, ప్లగ్గులకు నిప్పురవ్వను, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకు ఆదేశాన్ని పంపుతుంది. సంకేతం రాకపోతే సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా పంపు మూగగా ఉంటుంది, ప్లగ్గులో నిప్పు ఉండదు. అంటే షెడ్డువారు చూసిన పంపు తిరగకపోవడం అన్నది పంపు చెడిపోవడం వల్ల కాకుండా, ఆ కోడ్ చెబుతున్న లోపం వల్లనే అయి ఉండవచ్చు. పంపుకు నేరుగా కరెంటు ఇచ్చి చూడడం, గేజితో ఇంధన పీడనం కొలవడం పెద్ద పనులు కావు. అవి చేయకుండా పంపు విప్పారని తేలితే, అది వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 2(11) సెక్షన్ చెప్పే సేవాలోపమేనని గట్టిగా వాదించవచ్చు.

అలాగని సెన్సరే పోయిందని మీరు షెడ్డువారికి పంపే నోటీసులో రాయకండి. కోడ్ సర్క్యూట్‌ను చూపుతుంది, భాగాన్ని కాదు. వదులైన కనెక్టరు, తెగిన వైరు, ఎలుక కొరికిన చోటు, వీటిలో ఏదైనా అదే కోడ్‌ను తెప్పించగలదు. తొందరపడి రాసిన ఒక్క తప్పు వాక్యాన్ని ఎదుటి పక్షం చివరిదాకా వాడుకుంటుంది.

ఈసీఎం మార్చడానికి మీ అనుమతి లేదని ఈరోజే లిఖితపూర్వకంగా తెలియజేయండి. అంశాలవారీ బిల్లు, జాబ్ కార్డు (బండి మీద చేయవలసిన పనులు షెడ్డువారు రాసుకునే కాగితం) నకలు అడగండి. బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టంలోని 2(47) ప్రకారం అనుచిత వాణిజ్య పద్ధతుల్లో ఒకటి. బండి అత్యవసరమైతే, అభ్యంతరంతో చెల్లిస్తున్నట్లు, వాపసు కోరే హక్కు వదులుకోనట్లు రాసిచ్చి, బ్యాంకు ద్వారా డబ్బు కట్టి తెచ్చుకోండి. తరవాత మరో మెకానిక్ చేత వెంటనే బాగుచేయించకండి. బాగైపోయిన బండి మీ తరఫున సాక్ష్యం చెప్పలేదు. ముందు అతని చేత సెన్సర్ కనెక్టరు దగ్గరి వోల్టేజి, వైర్ల కంటిన్యూటీ (మధ్యలో తెగకుండా ఉన్నాయా అన్నది), ఇంధన పీడనం, నిప్పురవ్వ పరీక్షింపజేసి, తేదీ, సంతకంతో నివేదిక రాయించుకోండి. ఆ పరీక్షకు రావలసిందిగా మొదటి షెడ్డువారికీ కబురు పంపితే, వారు రాకపోయినా నివేదికకు బలం వస్తుంది.

ఎంత కోరాలన్న విషయంలో నిజాయతీగా ఉండండి. స్కానింగ్ కూలి వారికి న్యాయంగా రావలసిందే. పాత ప్లగ్గులు అరిగిపోయి ఉంటే వాటి ఖరీదుపై పట్టుపట్టడం వల్ల మీ అసలు వాదన పలుచబడుతుంది. పంపు, కాయిల్స్, వాటి బిగింపు కూలి, బండి నిలిచిపోయిన రోజుల నష్టం అడగండి. నోటీసుకు స్పందన రాకపోతే మీరు నివసించే లేదా పనిచేసే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 2 సంవత్సరాలలోపు ఫిర్యాదు చేయవచ్చు. బండిని వ్యాపారానికి వాడుతున్నారు కనుక మీరు వినియోగదారు కారన్న అభ్యంతరం వస్తే, కేవలం సొంత జీవనోపాధి కోసం మీరే స్వయంగా నడుపుకునే బండికి మినహాయింపు ఉందని గుర్తుంచుకోండి.

విప్పిన పాత పంపును, కాయిల్స్‌ను తిరిగి ఇవ్వవలసిందిగా ఇవన్నిటికన్నా ముందు అడగండి. అవి మీ ఆస్తి. ఆ పంపుకు 12 వోల్టుల సరఫరా ఇచ్చినప్పుడు బాగానే తిరిగి, పీడనం కూడా సరిగ్గా ఇస్తే, అది మీ కేసులో అతి పెద్ద సాక్ష్యం. పాత ఇనుముకు వెళ్లిపోతే ఆ పరీక్ష ఇక ఎవరూ చేయలేరు.