ఫైటర్ చేపల జంట కొనేముందు సీసాలు లెక్కపెట్టుకో

చి. అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. ఆదివారం నువ్వు ఫోన్లో అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పేవాణ్ణి. కానీ పక్కన మీ అత్తయ్య ఉంది. చేపల మాట ఎత్తితే చాలు, ఆవిడకు తన ఆవకాయ సీసాలు గుర్తొస్తాయి. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఫైటర్ చేపల జంటను కొని పిల్లలు చేయిస్తానన్నావు. మంచిదే. అయితే గుడ్లు పెట్టించడం ఏమంత గొప్ప పని కాదురా. ఆ చేపలే చూసుకుంటాయి. ఒక్క విడతకు వంద నుంచి మూడొందల దాకా పెడతాయి. కష్టమంతా ఆ తర్వాతే. పిల్లలు రెండు నెలలు దాటాయంటే మగవి ఒకదాని తోక ఒకటి చింపుకుంటాయి. ఒక్కోదానికి ఒక్కో సీసా కావాలి. నాకు మొదటి విడతలో నూట పది దక్కాయి, అందులో సగం మగవే. వీధిలో వాళ్లందరి హార్లిక్స్ సీసాలు అడిగి తెచ్చాను. చాలలేదు. ఆవకాయకని మీ అత్తయ్య కడిగి బోర్లించుకున్న గాజు సీసాలు కూడా తీసుకున్నాను. ఆ ఏడు మా ఇంట్లో ఆవకాయ ఆలస్యమైంది. రోజు విడిచి రోజు యాభై సీసాల నీళ్లు మార్చడం ఎలా ఉంటుందో ఊహించుకో. అందుకని ముందు నీ బాల్కనీలో ఎన్ని సీసాలు పడతాయో, నువ్వు ఊరెళ్తే వాటికి తిండి ఎవరు వేస్తారో చూసుకో.

ఇక నీ రెండడుగుల తొట్టి. శనివారం కొని, ఆదివారం ఇరవై చేపలు వేస్తే గురువారానికి పదకొండు మిగిలాయి. షాపువాడు జబ్బు చేపలు అంటగట్టాడని నీ అనుమానం. నాకలా అనిపించడం లేదు. చేపల విసర్జన, మిగిలిపోయిన తిండి కుళ్లి అమ్మోనియా అవుతుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషమే. మూడోది కొద్దిగా ఉంటే ఫరవాలేదు, మొక్కలు లాగేసుకుంటాయి. ఆ బ్యాక్టీరియా కొత్త తొట్టిలో ఉండదు. కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీళ్లు అద్దంలా మెరుస్తున్నా లోపల విషం ఉండొచ్చు, కంటికి కనపడదు కదా. నీ తొట్టి నిండా పోస్తే పట్టేది 56 లీటర్లే. అన్ని చేపలు ఒకేసారి వేస్తే అంతే మరి. ఇప్పుడున్నవాటికి తిండి తగ్గించు, నెల రోజులు కొత్తవి కొనకు.

ఆ బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది ఫిల్టర్ స్పాంజిలోనే. మురికిగా ఉందని దాన్ని కుళాయి కింద పెట్టి తోమేవు సుమా, క్లోరిన్ తగిలి చచ్చిపోతుంది. తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలో రెండుసార్లు పిండితే చాలు. వారానికి పావు వంతు నీళ్లు మార్చు. మున్సిపల్ నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు కలుపు. మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్లలో క్లోరిన్ గొడవ లేదు కానీ కాఠిన్యం ఎక్కువ. గప్పీలకు, మోలీలకు అది ఇష్టమే. ఫైటర్ తట్టుకుంటుంది. డిస్కస్ చేపల జోలికి మాత్రం ఇప్పుడే పోకు. ఇంకో పని, ఇప్పుడే ఒక చిన్న స్పాంజ్ ఫిల్టర్‌ను పెద్ద తొట్టిలో అదనంగా పెట్టెయ్. రేపు పిల్లల తొట్టికి బ్యాక్టీరియాతో సహా సిద్ధంగా ఉంటుంది.

మొక్కల దగ్గర నేను తిన్న దెబ్బ ఒకటి చెప్పాలి. ఒకసారి కాలవలోంచి పచ్చటి హైడ్రిల్లా నాచు తెచ్చి, కడిగి, పిల్లల తొట్టిలో వేశాను. ఊరికే వచ్చింది కదా అని సంబరం. వారంలో పిల్లలు సగమయ్యాయి. చచ్చినవి కనపడవు, నీళ్లు బాగానే ఉన్నాయి. ఓ రాత్రి టార్చి వేసి చూస్తే నాచు కాడ పట్టుకుని పుల్లముక్కలాంటిదొకటి కదలకుండా కూర్చుంది. దాని ముందునుంచి ఒక పిల్ల పోతుంటే దవడ చటుక్కున చేతిలా ముందుకు చాచి లాక్కుంది. తూనీగ పిల్ల! తూనీగలు నీళ్లలో గుడ్లు పెడతాయని చిన్నప్పుడు చదివిందే, బుర్రకు తట్టలేదు. బయటి నుంచి ఏ మొక్క తెచ్చినా రెండు వారాలు వేరే బకెట్లో పెట్టి, అందులోంచి ఏం బయటపడుతుందో చూడు. కొత్తవాళ్లకు జావా మాస్, జావా ఫెర్న్, అనూబియాస్ తేలిక. చివరి రెండింటికీ అడ్డంగా పాకే లావుపాటి కాండం ఉంటుంది. దాన్ని ఇసుకలో పాతితే కుళ్లిపోతుంది, రాయికో చెక్కకో దారంతో కట్టు. లైటు ఏడెనిమిది గంటలు మించితే గాజంతా పాకుడు పడుతుంది.

ఇప్పుడు అసలు పని. మన భీమవరం కోడిపందాల్లా థాయిలాండ్‌లో ఈ చేపలతో పందాలు కాసేవారు. 2019లో ఆ దేశం దీన్నే తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. అంత కొట్లాటకోరు చేప ఇది, కాబట్టి జంట అన్నావు కానీ, ఆ రెంటినీ ఊరికే ఒకచోట వేస్తే మగది ఆడదాన్ని చంపేయొచ్చు. అడుగున ఇసుక లేని చిన్న తొట్టిలో ఐదారు అంగుళాల నీళ్లు పోసి, ఒక ఎండు బాదం ఆకు వెయ్యి. చెట్టు మీది పచ్చి ఆకు కాదు, రాలి ఎండింది. నీళ్లు పల్చటి డికాషన్ రంగుకు వస్తాయి, ఫైటర్‌కు అది హాయి. మగదాన్ని వదిలి, మధ్యలో లాంతరు చిమ్నీ నిలబెట్టి ఆడదాన్ని అందులో ఉంచు. ఒకదాన్నొకటి చూసుకుంటాయి. మగది ఆకు కింద నోటితో బుడగలు ఊది గూడు కడుతుంది. ఆడదాని ఒంటి మీద నిలువు చారలు తేలి, పొట్ట కింద తెల్లటి చుక్క కనపడితే చిమ్నీ తీసెయ్.

మగది ఆడదాన్ని చుట్టేసి వదిలినప్పుడల్లా గుడ్లు తెల్లటి రవ్వలా కిందికి జారుతుంటాయి. మగది కిందికి దూకి ఒక్కొక్కటీ నోట్లో పట్టి పైకి తెచ్చి బుడగల్లో అంటిస్తుంది. ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టినా తప్పు లేదు. గంటలు పడుతుంది. అయిపోగానే ఆడదాన్ని తీసెయ్, లేకపోతే మగది దాన్ని తరిమి కొడుతుంది. ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పగిలి పిల్లలు తోక కిందికి వేసి గూటికి వేలాడతాయి. జారినవాటిని తండ్రే పైకి చేరుస్తుంది. ఇంకో రెండు మూడు రోజులకు అవి అడ్డంగా ఈదడం మొదలుపెట్టాక తండ్రిని కూడా తీసెయ్. తొట్టి మీద మూత వెయ్యడం మర్చిపోకు. మూడు నాలుగు వారాల్లో అవి పైకొచ్చి గాలి పీల్చడం నేర్చుకుంటాయి, అప్పుడు చల్లగాలి తగిలితే చచ్చిపోతాయి. హైదరాబాద్ డిసెంబర్ రాత్రుల్లో హీటర్ లేకుండా ఈ పనికి దిగకు.

మొదటి పది రోజుల తిండి చాలామంది గాలికొదిలేస్తారు. పొడి ఆహారం పిల్లల నోట పట్టదు. కొందరు ఉడికిన కోడిగుడ్డు సొన వేస్తారు, సాయంత్రానికి నీళ్లు కంపు కొడతాయి. జంటను కలపడానికి వారం ముందే మైక్రోవార్మ్, అంటే సన్నటి బుల్లి పురుగులు, సిద్ధం చేసుకో. ఐదారు రోజులయ్యాక ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్ల బుల్లి రొయ్య పిల్లలు, ఇవ్వొచ్చు. లీటరు నీళ్లకు పాతిక గ్రాముల ఉప్పు కలిపి, ఎయిర్ పంపు పెట్టి ఆర్టీమియా గుడ్లు వేస్తే మర్నాటికి పొదుగుతాయి. బాగా కడిగి వెయ్యి. తిన్న పిల్లల పొట్టలు నారింజ చుక్కల్లా మెరుస్తాయి. ఎవరు తిన్నారు, ఎవరు పస్తున్నారు అని భూతద్దం పెట్టి చూడొచ్చు.

అన్నట్టు, గాజు శుభ్రం చేస్తుందని షాపులో ఇచ్చిన ఆ నల్ల సక్కర్ చేపను తిరిగిచ్చెయ్. అడుగు దాటి పెరుగుతుంది. ఎక్కువైందని చెరువులో మాత్రం వదలకు. అలా ఎవరెవరో వదిలినవే ఇప్పుడు మన చెరువుల్లో, కాలవల్లో పెరిగి వలలు చింపుతున్నాయి.

మీ అమ్మ శుక్రవారం బయల్దేరుతోంది. ఆవిడ సంచిలో మా వీధి చెట్టు బాదం ఆకులు ఒక కట్ట, ఒక పెరుగు డబ్బా పెడుతున్నాను. డబ్బాలో తడిపిన బ్రెడ్ ముద్ద మీద మైక్రోవార్మ్ ఉంది. గోడలకు పాకినవాటిని వేలితో తుడిచి పిల్లల నీళ్లలో ముంచడమే. పులిసిన పిండి వాసన వస్తుంది, అది మామూలే. దిగగానే డబ్బా తీసుకుని, అది పెరుగు కాదని ముందు మీ అమ్మకు చెప్పు.

మీ మావయ్య