జీతం లేని పదవికి పద్దు ఎంత?

ప్రశ్న: ప్రైవేట్ స్కూల్లో పీఈటీని, జీతం 28 వేలు. మావారికి 35 వేలు. ఈఎంఐలతో కలిపి ఇంటి ఖర్చు 55 వేలు. ఒకప్పుడు కబడ్డీ ఆడాను. ఇప్పుడు జిల్లా కబడ్డీ సంఘంలో సంయుక్త కార్యదర్శిగా రమ్మంటున్నారు. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్‌)లో ఆరు వారాల కోచింగ్ కోర్సు కూడా చేయాలనుంది. ‘రూపాయి రాని పదవి దేనికి?’ అంటున్నారు మావారు. 3 లక్షల ఎఫ్‌డీ (మార్చిలో మెచ్యూరిటీ), పాప సుకన్య ఖాతా (నెలకు 5 వేలు), కొంత బంగారం ఉన్నాయి. దేన్ని ముట్టుకోవచ్చు?

జవాబు: మీవారు అడిగిందాంట్లో తప్పేం లేదు. సంఘాల్లో చాలావరకు గౌరవ పదవులే. జీతం సంగతి అటుంచి, చేతి చమురు వదులుతుంది. టోర్నమెంటుకు వెళ్లే పిల్లల బస్సు టికెట్లు, టిఫిన్లు ముందు ఎవరి పర్సులోంచి వస్తాయో మీకే బాగా తెలుసు. పదవికీ ఇంటి బడ్జెట్‌లో ఒక పద్దు రాసుకోండి.

బంగారం జోలికి వెళ్లొద్దు. ఇద్దరూ సంపాదిస్తున్నారు కాబట్టి నాలుగు నెలల ఖర్చు, అంటే 2.2 లక్షలు, అత్యవసరానికి చాలు. మార్చిలో ఆ మొత్తాన్ని మళ్లీ ఎఫ్‌డీ వేసేయండి. మిగిలిన 80 వేలు కోర్సుకు. ఈ కోర్సు ఎక్కువగా వేసవిలో ఉంటుంది కనుక మీ సెలవులతో కలిసిరావచ్చు. సెలవుల్లో జీతం ఇస్తారో లేదో స్కూల్లో ఇప్పుడే కనుక్కోండి. ఆరు వారాల జీతం కోస్తే 42 వేలు పోతాయి. మిగిలే 38 వేలల్లో ఫీజు, రైలు, తిండి సర్దుబాటు కాకపోతే ఒక ఏడాది ఆగండి. దీనికోసం పర్సనల్ లోను మాత్రం వద్దు.

సుకన్య ఆపొద్దు, వాయిదా తగ్గించండి. ఏడాదికి 250 రూపాయలు కట్టినా ఖాతా నిలుస్తుంది. మీరు నెలకు 3 వేలు కట్టి, మిగతా 2 వేలు సంఘం పనులకని వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఏడాదికి 24 వేలు. అదే హద్దు.

ఒప్పుకునే ముందు ఒక్క మాట. మా క్లయింట్ ఒకావిడ ఓ క్రీడా సంఘంలో కోశాధికారి. ‘ప్రతిసారీ సంతకానికి మీ ఇంటిదాకా ఏం వస్తాం మేడమ్’ అని సంఘంవాళ్లంటే, మొహమాటపడి పది ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టేశారు. ఆడిట్‌లో లెక్క తేలనప్పుడు సంజాయిషీ ఇచ్చుకున్నది ఆవిడే. ఖాళీ చెక్కు మీద సంతకం వద్దు. సంఘం డబ్బు మీ యూపీఐలోకి రానీయొద్దు. ప్రయాణ ఖర్చు తిరిగిస్తామంటే ఆ తీర్మానం సమావేశం మినిట్స్‌లో రాయించండి.

ఇది ఒకటి రెండేళ్లలో తేలేది కాదు. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి 2008-09లో దేశవాళీ మహిళల క్రికెట్‌లో మ్యాచ్ రిఫరీగా చేశారు. ఐసీసీ ప్యానెల్లో తొలి మహిళా రిఫరీ అయింది 2019లో. 2025 జాతీయ క్రీడా పాలన చట్టం ప్రకారం జాతీయ సమాఖ్యల కార్యవర్గంలో కనీసం నలుగురు మహిళలుండాలి. జిల్లా నుంచి అంతదూరం వెళ్లడానికి మీకూ పదేళ్లు పట్టిందనుకుందాం. నెలకు 2 వేల చొప్పున 2.4 లక్షలు. మీవారి ముందు పెట్టాల్సిన అంకె ఇదే. ఆయన దానికి సరేనంటే మార్చి దాకా ఆగక్కర్లేదు, సంఘం పనులకన్న ఆ సేవింగ్స్ ఖాతా ఈ నెలే తెరవండి.