పది మీటర్ల వరండాలో సౌరకుటుంబ నమూనా ఎందుకు కుదరట్లేదంటే

వరండాలో కట్టిన సౌరకుటుంబ నమూనా ఎందుకు కుదరట్లేదని అడిగారు కదా, మీ నమూనాలో రెండు స్కేళ్లు (అసలు కొలతను ఎంతకు తగ్గించామనే లెక్కలు) కలిసిపోయాయి. సూర్యుడికి 22 సెం.మీ. ఫుట్‌బాల్ పెట్టి, నెప్ట్యూన్‌ని 10 మీటర్ల వరండా చివర వేలాడదీశారు. ఆ బంతి లెక్కన నెప్ట్యూన్ సుమారు 710 మీటర్ల అవతల ఉండాలి.

చాలామంది వదిలేసేది ఇదే: వ్యాసాన్నీ (అడ్డుకొలతనీ), సూర్యుడి నుంచి దూరాన్నీ ఒకే సంఖ్యతో భాగించాలి. పాఠ్యపుస్తకాల బొమ్మలు చూసి కొలతలు తీసుకోవద్దు, వాటిలో ఈ రెండూ ఒక స్కేల్లో ఉండవు.

1. 1 సెం.మీ. = 1 లక్ష కి.మీ. అనుకోండి. అప్పుడు 1 మీటరు = 1 కోటి కి.మీ. దూరం కోట్లలో ఎంతుంటే అన్ని మీటర్లు, కాలిక్యులేటరు అక్కర్లేదు.
2. సూర్యుడు: 14 సెం.మీ. బంతి.
3. భూమి: 1.3 మి.మీ., ఆవగింజ చాలు. 15 మీటర్ల దూరంలో. చంద్రుడు దానికి 3.8 సెం.మీ. పక్కన పెన్సిల్ చుక్క.
4. గురుడు: 1.4 సెం.మీ., 78 మీటర్లు.
5. నెప్ట్యూన్: 5 మి.మీ., 450 మీటర్లు. దీనికి రోడ్డు కావాలి.

వరండాలోనే పెట్టాలంటే సూర్యుడు 3 మి.మీ. అవుతాడు, భూమి కంటికి ఆనదు. అప్పుడు అక్కడ దూరాలు మాత్రమే చూపించండి. సైజులకు వేరే చార్టు కట్టి, దానిమీద ‘స్కేలు వేరు’ అని పెద్దక్షరాలతో రాయండి.