రఘుకి, నానమ్మ చిల్లర డబ్బా గురించి

చి. రఘుకి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన వీడియో చూశాను. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళకి లక్షలు ఇస్తామంటున్నాడు కదా, ముందు వాడి సంగతి తేల్చేస్తాను. ఆ నాణెం 2012 సంవత్సరంతో మామూలుగా చలామణిలోకి వచ్చిందే. బ్యాంకు కౌంటర్‌లో నా చేతి మీదుగా ఎన్ని పోయాయో లెక్క లేదు. నువ్వు ఫోన్ చేస్తే వాడు ముందు రిజిస్ట్రేషన్ అంటాడు, తర్వాత జీఎస్టీ అంటాడు. లక్షలు రావు, నీ డబ్బే పోతుంది. ఇలాంటివి నమ్మొద్దని 2021లో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. బియ్యం గింజల్ని లాగేస్తాయని చెప్పే రైస్ పుల్లింగ్ చెంబులు, రాగి నాణేలు అంటూ మనవైపు ఎంతమంది మోసపోయారో నీకూ తెలుసు. ఇదీ ఆ బాపతే.

అయితే నాణేలు పోగెయ్యాలన్న నీ ఆశ మాత్రం మంచిదే. నానమ్మ డబ్బా నీ దగ్గరే ఉందన్నావు కాబట్టి చెబుతున్నాను, విను. దాంట్లో ఒక్క బిళ్ళ కూడా తోమకు. తెలిసే చెబుతున్నాను. నాకు పదహారేళ్లప్పుడు దాంట్లోంచి ఒక చార్మినార్ వెండి రూపాయి తీసి, నల్లగా ఉందని చింతపండు, బూడిద పెట్టి రుద్దాను. తళతళలాడింది. నాలుగేళ్ల తర్వాత నాణేల గురించి తెలిసినాయనకి చూపిస్తే, భూతద్దం పెట్టి ఒక నిమిషం చూసి, "ఎవరండీ తోమింది?" అన్నాడు. అంతే, ధర కూడా చెప్పలేదు. వెండి మీద ఏళ్ల తరబడి పట్టిన ఆ నలుపు నాణేనికి ఒంటి మీది చర్మం లాంటిది. రుద్దితే పైపైన సన్నటి గీతలు పడతాయి, అవి ఇక పోవు. ఆ రూపాయి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

ఆ చార్మినార్ బిళ్ళలు హాలీ సిక్కా, అంటే నిజాం సొంత రూపాయి. డబ్బాలో ఇంకా రెండు మూడు ఉండాలి. చార్మినార్ కమాను మధ్యలో ఒక ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. అది 'మీమ్' అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, 'అయిన్' అయితే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. సంవత్సరం హిజ్రీలో, అంటే ముస్లిం పంచాంగం లెక్కలో ఉంటుంది. దాన్ని 0.97తో గుణించి 622 కలుపు, మన సంవత్సరం ఇంచుమించుగా వస్తుంది. 1330 అని ఉంటే 1912 అన్నమాట. ఉర్దూ అంకెలు నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి? అన్నీ పోగెయ్యాలని దిగితే ఆర్నెల్లలో విసుగొస్తుంది. శాతవాహనుల సీసపు నాణేల నుంచి నిన్నటి ఇరవై రూపాయల బిళ్ళ దాకా మన దేశానిది రెండు వేల ఏళ్లు దాటిన కథ. నన్నడిగితే ఒక్క రూపాయిని పట్టుకో. దాని బరువు వెంట పోతే దేశం ఆర్థిక చరిత్ర మొత్తం అరచేతిలోకి వస్తుంది.

బ్రిటిష్ వాళ్ల రూపాయి 11.66 గ్రాములు, 91.7 శాతం వెండి. మన తులం బరువు కూడా అదే. అందుకే నానమ్మ బంగారం తూచాలంటే రూపాయి బిళ్ళ పెట్టేది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి 1940లో వెండి 50 శాతానికి పడిపోయింది. 1947 రూపాయిలో వెండే లేదు, అంతా నికెల్, వెనక పులి బొమ్మ. 1950లో రాజు తల పోయి నాలుగు సింహాలొచ్చాయి, పులి స్థానంలో గోధుమ కంకులు. బరువు మాత్రం ఇంకా 11.66 గ్రాములే. తర్వాత చూడు: 1962లో 10 గ్రాములు, 1975లో 8, 1983లో 6, 1992లో స్టీలుది 4.85. 2019 రకం రూపాయి 3.09 గ్రాములే. వీటన్నిటినీ వరసగా పెట్టి ఒక్కొక్కటే చేతిలోకి తీసుకో. ధరలు పెరగడమంటే ఏమిటో నీ వేళ్లకే తెలుస్తుంది. ఈ వరసలో స్వాతంత్ర్యం తర్వాతివి చాలావరకు నీ జేబు ఖర్చుతోనే దొరుకుతాయి.

1939 వెండి రూపాయి జోలికి మాత్రం ఇప్పుడే పోకు. చాలా అరుదు కాబట్టి నకిలీవి లెక్కలేనన్ని. ఎప్పుడో కొనాలనిపిస్తే నాకు చెప్పకుండా కొనకు.

వరస కుదిరాక నాణేలు కొట్టే టంకశాలల గుర్తులు చూడ్డం మొదలుపెట్టు. సంవత్సరం కింద చుక్క ఉంటే నోయిడా, వజ్రం గుర్తు ఉంటే ముంబయి, నక్షత్రం మన హైదరాబాద్, ఏమీ లేకపోతే కోల్‌కతా. పాత హైదరాబాద్ నాణేల్లో నక్షత్రం బదులు రెండుగా చీలిన వజ్రం, మధ్యలో చుక్క ఉన్న వజ్రం కూడా కనిపిస్తాయి, వాటిని ముంబయివి అనుకునేవు. 1985 రూపాయిల్లో కొన్నిటి మీద ఇంగ్లిష్ 'హెచ్' అక్షరం ఉంటుంది. చిల్లర కొరత వచ్చి బయటి దేశంలో కొట్టించినవి అవి. ఈ గుర్తులు వెతకడం అలవాటైతే కిరాణా కొట్లో చిల్లర తీసుకున్నా ముందు తిరగేసి చూస్తావు. మీ పెద్దమ్మ విసుక్కునేది దీనికే.

డబ్బాలో జార్జి రాజు తలతో వంకీల అంచు అణా బిళ్ళ ఉందేమో చూడు. బొరుసు వైపు నాలుగు లిపుల్లో విలువ ఉంటుంది, అందులో ఒకటి తెలుగు: "ఒక అణా". స్వాతంత్ర్యం వచ్చాక నాణేల మీద హిందీ, ఇంగ్లిషే మిగిలాయి. దానికి పెద్ద ధర ఏమీ పలకదు. అయినా నా ఆల్బమ్‌లో మొదటి పేజీ దానిదే. 1943 నుంచి వచ్చిన చిల్లు కాణీ కూడా దొరకొచ్చు. యుద్ధంలో లోహం మిగల్చడానికి మధ్యలో చిల్లు పెట్టారు.

1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు వచ్చాయి. పావలా అంటే సరిగ్గా పాతిక పైసలు కాబట్టి ఆ మాట బతికిపోయింది. బేడకి, అంటే రెండణాలకి, పన్నెండున్నర పైసలు కావాలి, అలాంటి బిళ్ళ లేదు, మాట కూడా మెల్లగా పోయింది. చివరికి పావలానీ 2011 జూన్ 30తో ఆపేశారు. ఇప్పుడు పదహారణాలూ, పావలా వడ్డీ మాటల్లోనే.

కొనేటప్పుడు చిన్న డిజిటల్ తక్కెడ, అయస్కాంతం దగ్గర పెట్టుకో. వెండి అయస్కాంతానికి అంటదు, 1947 నికెల్ రూపాయి అంటుకుంటుంది. వెండి రూపాయి అంటూ తెచ్చింది తొమ్మిది గ్రాములు తూగితే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయ్. 1818 అని వేసి రాముడో హనుమంతుడో ఉన్న ఈస్టిండియా కంపెనీ నాణెం ఎవడైనా చూపిస్తే అది నాణెమే కాదు. కంపెనీ అలాంటివి ఎప్పుడూ కొట్టలేదు.

బిళ్ళని అంచులు పట్టుకుని ఎత్తు, మొహం మీద వేలు పెట్టకు. మెత్తటి పీవీసీ కవర్లు చవకే కానీ కొన్నేళ్లకి ఆకుపచ్చ జిగురు వదులుతాయి. మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు కొను. ఎక్కడ, ఎంతకి, ఎప్పుడు కొన్నావో దాని మీదే రాసిపెట్టు.

చట్టం సంగతి కూడా వినుకో. వందేళ్లు దాటిన నాణేలు పురావస్తువుల కిందికి వస్తాయి, దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న మీ అక్కకి బహుమతిగా పంపాలనుకునేవు! పొలం దున్నుతుంటే లంకెబిందె దొరికిందని ఎవరైనా తెస్తే ముట్టుకోకు, కలెక్టరుకి తెలపాలని 1878 నాటి చట్టం ఉంది.

ఆదివారం డబ్బా ఖాళీ చేసి, పాత తువ్వాలు పరిచి, బొమ్మ వైపు ఒక ఫొటో, బొరుసు వైపు ఒక ఫొటో తీసి పంపు. కడగకుండానే తియ్యి.

మీ పెదనాన్న