పండక్కి ఊరెళ్తున్నాం, కుక్కనేం చేయాలి?

ప్రశ్న: సంక్రాంతికి సికింద్రాబాద్ నుంచి కాకినాడ వెళ్తున్నాం. థర్డ్ ఏసీ టికెట్లు తీసేసుకున్నాం. మా మూడేళ్ల ల్యాబ్రడార్‌ను మాతోపాటు రైల్లో తీసుకెళ్లొచ్చా? – ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ఆ టికెట్ల మీద కుదరదండీ. థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీ, స్లీపర్, చైర్‌కార్‌లలో కుక్కల్ని ఎక్కనివ్వరు. వందే భారత్ కూడా అంతే. బుక్ చేయకుండా ఎక్కించి దొరికిపోతే లగేజీ రేటుకు ఆరు రెట్లు వసూలు చేస్తారు.

మీతోపాటు ఉంచుకునే దారి ఒక్కటే, ఫస్ట్ ఏసీ. అందులోనూ ఇద్దరు పట్టే కూపే గానీ, నలుగురు పట్టే క్యాబిన్ గానీ మొత్తం మీదే అయ్యుండాలి. అంటే కూపేకి రెండు టికెట్లు, క్యాబిన్‌కి నాలుగు, అన్నీ ఒకే పీఎన్‌ఆర్‌ మీద. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. రెండు టికెట్లు కొన్నంత మాత్రాన కూపే మీది కాదు. ఫస్ట్ ఏసీలో బెర్తు నంబరు చార్టు వేసినప్పుడే ఇస్తారు. క్యాబిన్‌లో వేరేవాళ్లతో కలిపి ఇచ్చారంటే కుక్క బయటే. అందుకే టికెట్టు కన్ఫర్మ్ అయిన వెంటనే, కుక్క ఉందని చెబుతూ పీఎన్‌ఆర్‌ కాపీతో రిజర్వేషన్ ఆఫీసులో అర్జీ ఇచ్చి, ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర ఉంచుకోండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. పండగ రోజులకు ఫస్ట్ ఏసీ ఎంతోసేపు మిగలదు.

కుక్కకు ఛార్జీ పార్సిల్ ఆఫీసులో కట్టాలి. 60 కిలోల లగేజీ లెక్కన తీసుకుంటారు, కుక్క ఎంత బరువున్నా అంతే. బండికి కనీసం రెండు గంటల ముందే అక్కడుండండి. రేబిస్ టీకా కార్డు, ప్రయాణానికి 24 నుంచి 48 గంటల లోపు పశువైద్యుడు రాసిచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్, మీ గుర్తింపు కార్డు, టికెట్టు, వీటన్నిటికీ రెండేసి జిరాక్సులు పెట్టుకోండి. మెడపట్టీ, గొలుసు తప్పనిసరి. తిండి ఎక్కడానికి నాలుగు గంటల ముందే పెట్టేసి, స్టేషన్ బయటే మూత్రానికి తిప్పండి. తర్వాత నీళ్లు కొద్దికొద్దిగా. విజయవాడలో బండి కాసేపు ఆగుతుంది గానీ, అర్ధరాత్రి జనంలో గొలుసు చేతికి రెండు చుట్లు చుట్టుకోకుండా దించొద్దు.

గార్డు, లగేజీ ఉండే బ్రేక్‌వ్యాన్‌లో డాగ్‌బాక్స్ ఉంటుంది, 30 కిలోల రేటే. కానీ ల్యాబ్రడార్‌కి ఆ ఇనుప గూడు ఇరుకు, చప్పుడెక్కువ, దారిలో మీరు చూడాలన్నా బండి ఆగాలి. మేమైతే వద్దంటాం. కూపే దొరక్కపోతే ఇంట్లోనో, డబ్బు తీసుకుని కుక్కల్ని చూసుకునే బోర్డింగ్‌లోనో ఉంచండి.

ఇంకో మాట. పండగింట్లో పిల్లలు ముద్దొచ్చి పెట్టే పాయసంలో కిస్‌మిస్ ఉంటుంది. అది కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఉల్లిపాయ వేసిన మాంసం కూరా అంతే, రక్తకణాలు పగిలిపోతాయి. ఊళ్లోవాళ్లకు ముందే చెప్పండి.

ప్రశ్న: కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలనుకుంటున్నాం. మా పొమేరియన్‌కి 11 ఏళ్లు, గుండెకు మాత్రలు వాడుతున్నాం. బోర్డింగ్‌లో వదిలేయొచ్చా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఈ వయసులో, ఈ జబ్బుతో కొత్తచోటు కన్నా ఇల్లే నయం. దానికి అలవాటైన మనిషి మీ ఇంట్లోనే పడుకునే ఏర్పాటు చూడండి. రోజూ రెండుసార్లు వచ్చి గిన్నె నింపి వెళ్తే చాలదు. రాత్రిపూట దగ్గు, ఎగశ్వాస మొదలైతే చూసే దిక్కుండాలి. నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టడం నేర్పండి. 30 దాటి అలాగే ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

మాత్రలు పూటకొక చిన్న కవరులో వేసి, పైన తేదీ, ‘పొద్దున’, ‘రాత్రి’ అని రాయండి. వాడేది పిమోబెండాన్ అయితే 12 గంటలకోసారి, తిండికి గంట ముందు. మీరు లేనప్పుడు వైద్యం చేయించేందుకు సంతకం పెట్టిన కాగితం, కొంత డబ్బు మీ డాక్టరు దగ్గర ఉంచండి. ఫోను తగలకపోతే ఆ కాగితమే ఆదుకుంటుంది.

బోర్డింగ్ తప్పకపోతే పగటిపూట, ముందు చెప్పకుండా వెళ్లి చూడండి. టీకా కార్డు అడగని చోట వదలొద్దు. మీ కుక్కది అడగలేదంటే పక్క గూటిలోదానిదీ అడిగుండరు. గేటు దాటాక రెండో గేటుందా? కడిగిన నీళ్లు ఒక గూటి నుంచి పక్క గూటిలోకి పారుతున్నాయా? కెన్నెల్ దగ్గు (కుక్క నుంచి కుక్కకు అంటుకునే దగ్గు), లెప్టో (ఎలుకల మూత్రంతో వచ్చే జబ్బు) టీకాలు కనీసం రెండు వారాల ముందే పూర్తవ్వాలి. పిడుదులకు మందు కూడా ముందే వేయించండి. ముందొక రాత్రి ఉంచి చూడండి. తిండి ఇంటిదే పంపండి, ప్రయాణం రోజులూ కలుపుకుని రోజుకు రెండు పొట్లాల లెక్కన, పైన రెండు. ఉన్నట్టుండి తిండి మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. మొదటిరోజు ముట్టకపోవడం మామూలే గానీ, గుండె మాత్రలు వాడే ముసలిది కాబట్టి రెండో పూటకే కబురు చేయమనండి.

ప్రశ్న: మే నెలలో పగ్‌ను కార్లో శ్రీశైలం తీసుకెళ్లాలని ఉంది. నిద్రమాత్ర వేయొచ్చా? – ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: నిద్రమాత్ర వద్దు, మేలో పగ్ ప్రయాణమూ వద్దు. కుక్క ఒంటి వేడి తగ్గేది ముఖ్యంగా రొప్పడంతోనే. పగ్ చప్పిడి ముక్కుతో అదే సరిగా చేయలేదు, మత్తిస్తే అదీ మందగిస్తుంది. పైగా గుడిలోకి రానివ్వరు. లైను ఎంతసేపో చెప్పలేం. బయట 24 డిగ్రీలున్నా మూసిన కారులో అరగంటలో 40 దాటుతుంది, అద్దం రెండంగుళాలు దించినా ఒరిగేదేమీ ఉండదు. నవంబరు తర్వాత, ఒకరు కుక్క దగ్గర ఉండేలా వెళ్లండి. అడవిలో కోతులున్న చోట దించకండి.

నాలుక ముదురెరుపుకి తిరిగి, చొంగ జిగురుగా సాగుతూ తూలుతోందంటే వడదెబ్బే. మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి గాలి తగలనిస్తూ ఆస్పత్రికి బయల్దేరండి. తడిగుడ్డ కప్పి వదిలేస్తే వేడి లోపలే నిలిచిపోతుంది.