మేడమీద పాలరాయి, మేడకింద అన్నగారు

విజయనగరం కోట దాపున, తాతల నాటి మిద్దె ఇంట్లో పైవాటా తనకు వచ్చిందని, 450 చదరపు అడుగుల ఆ వాటాను 18 లక్షల ఖర్చుతో విశాఖపట్నం డిజైనరు చేత విలాసంగా చేయించదలచానని ఒక పాఠకుడు రాశారు. తాను ఇటాలియన్ పాలరాయి అంటుంటే భార్య చెక్క నేల అంటున్నారట. ఏది మేలో చెప్పమన్నారు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వచ్చే బంధువులందరూ చూసేలా ఆలోగా పని పూర్తి కావాలట. కింది వాటాలోని అన్నగారి సంగతి ఉత్తరం చివర ఒకే ఒక వాక్యంలో ఉంది: 2014 హుద్‌హుద్ తుపానుకు దెబ్బతిన్న డాబాను ఆయన బాగు చేయించి సగం ఖర్చు అడిగితే, తనను అడగకుండా చేయించినందుకు ఈయన ఇవ్వనన్నారు, అప్పటి నుంచి మాటలు లేవు.

మీ ప్రశ్నకు జవాబు చిన్నది. పాలరాయి వద్దు, మీ శ్రీమతి మాట వినండి. పాలరాయి చదరపు అడుగుకు సుమారు ఐదు కిలోలు, దాని కింద పరిచే రెండంగుళాల సిమెంటు మాలు మరో పది కిలోల దాకా తూగుతుంది. మొత్తం వాటాకు లెక్కగడితే ఆరు టన్నులు దాటుతుంది. పాత మిద్దెలో ఆ బరువు మోయవలసినవి టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా వేసిన చిన్న కొయ్యలు, అంటే దంతెలు. దూలం సాధారణంగా ముందు పుచ్చేది గోడలో దూరిన కొస దగ్గర, అక్కడ చెమ్మ చేరుతుంది కాబట్టి. ఆ కొసలు చూడాలంటే వడ్రంగి నిచ్చెన వేసుకోవలసింది మీ అన్నగారి గదిలో.

ఉత్తరంలో మీరు రాయని విషయం ఇదే. మీ నేల ఆయనకు పైకప్పు. మీ పడకగదిని ఆనించి కొత్తగా కట్టించదలచిన స్నానాలగది నీరు కారితే తడిసేది ఆయన మంచం. సున్నపు గోడలకు సిమెంటు పూత వేయిస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక గోడలోనే నిలిచిపోతుంది. ఆ గోడలు ఆయనవి కూడా. ఇక లోపల దాచిన దీపాలతో ఫాల్స్ సీలింగ్ అన్నారు. దాన్ని బిగించేది ఆయన తన డబ్బుతో బాగు చేయించిన డాబా కిందనే కదా! ఆ డాబా మీద పడిన వాన మీ గదిలోకి కారకుండా ఇన్నేళ్లు గడిచింది, మీరు అందులో రూపాయి పెట్టలేదు.

అడగకుండా చేయించడం ఆయన తప్పేనని ఒప్పుకుంటాను. తమ్ముడితో ఒక మాట చెప్పి ఉండవలసింది. కానీ తుపాను వెళ్లిన మర్నాడు, పై గచ్చు పగిలి నీరు దిగుతున్నప్పుడు, ఊళ్లో ఉన్నవాడు ఊళ్లో లేనివాడి అనుమతికి ఎదురు చూడడు. ఇంటి అలంకరణకు 18 లక్షలు తీయగలిగిన మనిషి డాబా ఖర్చులో సగం ఇవ్వకపోవడం నాకు ఆత్మగౌరవంగా కనబడలేదు. పండగనాడు బంధువులు మీ దీపాలు చూసి మెచ్చుకుంటూ మెట్లు దిగుతారు. దిగేది ఆయన గుమ్మం ముందుకే. ఈ విలాసమంతా ఆ గుమ్మానికి వినబడాలనే మీరు కోరుకుంటున్నారని నా అనుమానం.

విలాసం తప్పని నేననను. తలుపుల మీద పొరలు పొరలుగా పేరుకున్న రంగు గీకించి టేకును బయటపెట్టించండి. గోడలకు మళ్లీ సున్నమే మెత్తగా నూరించి, నునుపు తేలేలా పూయించండి. కిటికీలకు పొందూరు ఖద్దరు తెరలు చాలు. పనస దుంగను తొలిచి వీణ చేసే, బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి మీ జిల్లాలోనే ఉండగా, మీ డిజైనరు గోడల నిండా లామినేటు అంటించమనడం నాకు వింతగా ఉంది.

డిజైనరుకు బయానా ఇవ్వకముందే ఒక ఆదివారం మీ దంపతులిద్దరూ కిందికి దిగండి. చిన్నవారు దిగాలి, ఆయన పైకి రావాలని చూడకండి. వదినగారిని ముందు పలకరించండి. డాబా ఖర్చులో మీ సగాన్ని పాత లెక్కలు తవ్వకుండా, షరతులు పెట్టకుండా ఆయన చేతికివ్వండి. తీసుకోనంటే వదినగారి చేతిలో పెట్టండి. మీ నక్షా ఆ రోజు చూపవద్దు. మరోసారి వెళ్లినప్పుడు చూపి, స్నానాలగది ఎక్కడైతే తనకు ఇబ్బంది లేదో, వడ్రంగిని దూలాలు చూడడానికి ఎప్పుడు పంపమంటారో ఆయన్నే అడగండి. ఇదంతా సిరిమాను నాటికి తేలకపోతే పని వచ్చే ఏడు మొదలుపెట్టుకోండి.