ఈస్టర్ తెల్లారాక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈస్టర్ గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో సిద్ధాంతం అడిగినవి తక్కువ. అప్పు, ఉపవాసం, నైట్ డ్యూటీ, సమాధికి సున్నం... ఇవే ఎక్కువ. సువార్తల్లో చనిపోయి తిరిగి లేచిన యేసు దారిలో నడుస్తూ, భోజనానికి కూర్చుంటూ, సరస్సు ఒడ్డున నిప్పుల మీద చేపలు సిద్ధం చేస్తూ కనిపిస్తాడు. కాబట్టి ఈ ప్రశ్నలన్నీ పండగలోనివే.

ప్రశ్న: క్రిస్మస్‌లా ఈస్టర్‌కి ఒక తేదీ ఎందుకు ఉండదు? పిల్లలు చెన్నై నుంచి రావాలంటే టికెట్లు ఎప్పటికి తీయాలో తెలియడం లేదు. (కావలి)

జవాబు: మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి చూసుకోండి. దాని తర్వాతి ఆదివారమే ఈస్టర్. పౌర్ణమి ఆదివారమే పడితే పండగ పై ఆదివారానికి జరుగుతుంది. అందుకే మార్చి 22కి ముందు, ఏప్రిల్ 25 తర్వాత ఎప్పుడూ రాదు. 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. ఈ పౌర్ణమిని సంఘాలు పాత పట్టిక ప్రకారం లెక్కిస్తాయి గనుక పంచాంగంతో ఒక రోజు తేడా రావచ్చు. ఉపవాస దినాలు మొదలయ్యే భస్మ బుధవారం ఈస్టర్‌కి 46 రోజుల ముందు వస్తుంది. మధ్యలోని ఆరు ఆదివారాలు తీసేస్తే నలభై దినాలు.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. గుడ్ ఫ్రైడే నాడు మూడు గంటల దాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను. పోయినసారి ఆరాధనలో కళ్లు తిరిగాయి. ఉపవాసం మానేస్తే పాపమా? (ఒంగోలు)

జవాబు: పాపం కాదమ్మా. విశ్రాంతి దినం మనుషుల కోసమే గాని మనుషులు దాని కోసం కాదని యేసే చెప్పాడు (మార్కు 2:27). ఉపవాసానికీ అదే మాట వర్తిస్తుంది.

మీకు ఏం జరిగి ఉంటుందో చూడండి. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ మీరు తిన్నా తినకపోయినా షుగర్‌ని దించుతూనే ఉంటాయి. మాత్ర వేసుకుని తినకుండా కూర్చుంటే మధ్యాహ్నానికి షుగర్ బాగా పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం తక్కువ. పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానం నడిచేటప్పుడు, ఏప్రిల్ ఎండలో, నిండిపోయిన మందిరంలో చెమట పడితే అందరూ ఉక్క అనుకుంటారు. ప్రమాదం అక్కడే ఉంది. చెమటతో పాటు చేతులు వణకడం, గుండెదడ, మాట తడబడడం ఉంటే అది ఉక్క కాదు.

మీటర్‌లో 70 కన్నా తక్కువ చూపిస్తే, మీటర్ లేకపోయినా ఈ లక్షణాలుంటే, మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగండి. పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి, పెరగకపోతే మళ్లీ తాగండి. చాక్లెట్, పాలు ఆ సమయానికి నిదానం. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఉపవాసం ఉండొచ్చా, ఉంటే మాత్ర ఎప్పుడు వేసుకోవాలన్నది మీ డాక్టరు గారిని వారం ముందే అడగండి. మీ అంతట మీరు మాత్ర మానొద్దు.

వేళకు ఇంత తిని కూడా ఉపవాసం చేయవచ్చు. ఆకలిగొన్నవారికి ఆహారం పంచడమే తాను కోరిన ఉపవాసమని దేవుడు చెప్పిన మాట యెషయా 58లో ఉంది. మీకు ఇష్టమైన కూర, టీ, సాయంత్రం సీరియల్ మానుకోండి. ఆ డబ్బు, ఆ గంట ఇంకొకరికి ఇవ్వండి.

ప్రశ్న: మా సంఘంలోని ఒకాయనకు 50 వేలు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చాను. నోటు రాసి రెండేళ్ల ఎనిమిది నెలలైంది. ఒక్క రూపాయి కట్టలేదు. అడిగితే 'ఈస్టర్ ముందు ఇదేంటన్నా, క్షమించాలి కదా' అంటున్నాడు. నేను వదిలేయాలా? (కందుకూరు)

జవాబు: బాకీ ఉన్నవాడు క్షమాపణను హక్కుగా అడగకూడదు. సుంకం వసూలు చేసే జక్కయ్య ఇంటికి యేసు వచ్చినప్పుడు అతను 'నా పాత తప్పులు మర్చిపోండి' అనలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8). మీరు వదులుకోవాల్సింది పగ. ఆయన తీర్చాల్సింది అప్పు. ఈ రెండు ఖాతాలూ కలిపితే ప్రభువు బల్ల దగ్గర పక్కపక్కన కూర్చోలేని స్థితి వస్తుంది, చాలా సంఘాల్లో వచ్చింది కూడా.

ముందు నోటు సంగతి. రాసిన తేదీ నుంచి మూడేళ్లు దాటితే ప్రామిసరీ నోటు కాలదోషం పడుతుంది, అంటే దాని మీద కోర్టుకు వెళ్లినా ఫలితం ఉండదు. మీకు ఇంకా నాలుగు నెలలే ఉంది. ఈలోగా ఆయన వెయ్యి రూపాయలిచ్చినా సరే, నోటు వెనక తేదీ, మొత్తం వేసి చెల్లు రాయించి ఆయన సంతకం తీసుకోండి. ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు నడుస్తుంది. ఇచ్చినవాళ్లే చెల్లు రాసేసుకుని, తీసుకున్నవాడి సంతకం మర్చిపోవడం మన పల్లెల్లో రోజూ జరిగే పొరపాటు. ఆ చెల్లు కోర్టులో నిలవదు.

చాలామంది ఇక్కడ నోటు తిరగరాయిస్తారు. 32 నెలల వడ్డీ 32 వేలు అసలులో కలిపి 82 వేలకు కొత్త నోటు, దాని మీద మళ్లీ రెండు రూపాయలు. అంటే నెలకు 1,640. వడ్డీకి వడ్డీ మొదలైన రోజున ఆ ఇల్లు లేవదు. మీరు ఆ పని చేయకండి. నెహెమ్యా 5వ అధ్యాయం చదవండి. పొలాలు, ద్రాక్షతోటలు తాకట్టు పెట్టి, బిడ్డల్ని దాసులుగా ఇచ్చుకున్న ప్రజలు మొరపెడితే, అప్పిచ్చిన స్వజనులతో నెహెమ్యా పొలాలతో పాటు నూరవ వంతు వడ్డీ కూడా తిరిగి ఇప్పించాడు. నూటికి రూపాయి కూడా ఆయనకు ఎక్కువే అనిపించింది. మీరు రూపాయికి దిగినా 16 వేలు తగ్గుతుంది, మొత్తం 66 వేలు. వడ్డీ పూర్తిగా వదిలి అసలు నెలకు ఇంతని కట్టించుకుంటే ఇంకా మంచిది.

మాట్లాడే క్రమం మత్తయి 18:15–17లో ఉంది: మొదట మీరిద్దరే, తర్వాత ఒకరిద్దరు సాక్షులతో, ఆ తర్వాతే సంఘం. మీ పాస్టర్ గారికి ముందే చెప్పి ప్రసంగంలో చురక వేయించొద్దు. ఆయన నిజంగా కట్టలేని స్థితిలో ఉంటే, మీకు మనసైతే, పూర్తి చెల్లు రాసి నోటు ఆయన చేతిలో పెట్టండి. వదిలేశానని చెప్పి నోటు బీరువాలో దాచుకోవడం మాత్రం వద్దు.

ప్రశ్న: ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన చేస్తాం. పూలు, కొవ్వొత్తులు పెట్టడం తప్పని కొందరు అంటున్నారు. ఇంకొకటి, ఏటా వేసే సున్నం నెలకే పెచ్చులూడుతోంది. (కొత్తపట్నం)

జవాబు: చనిపోయినవారికి మొక్కడం, వారిని ఏదైనా అడగడం మన విశ్వాసం కాదు. పూలు పెట్టి, పేరు తలచుకుని, దేవునికి కృతజ్ఞత చెప్పడంలో తప్పు లేదు. మగ్దలేనే మరియ అనే శిష్యురాలు తన సమాధి దగ్గర ఏడ్చినందుకు యేసు ఆమెను కోప్పడలేదు, పేరు పెట్టి పిలిచాడు. మన తోటల్లో ఆ ఉదయం ఏడ్చే తల్లిని 'విశ్వాసం లేదా' అని ఆపకండి.

సున్నం ఊడడానికి మామూలుగా మూడు కారణాలు: కింది దుమ్మూ పాత పెచ్చూ గీకకపోవడం, ఒకేసారి చిక్కగా పూయడం, ఎండలో పూయడం. ఇనుప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, అందులో సున్నపు గడ్డలు కొంచెం కొంచెంగా వేయండి. గడ్డల మీద నీళ్లు పోస్తే ఉడికి కళ్లలోకి చిందుతుంది, పిల్లల్ని దగ్గరికి రానీయకండి. ప్లాస్టిక్ బకెట్ ఆ వేడికి మెత్తబడుతుంది. ఒక రోజంతా నాననిచ్చి, పల్చటి గుడ్డలో వడగట్టి, నానబెట్టిన తుమ్మజిగురు కొద్దిగా కలపండి. సమాధిని నీళ్లతో తడిపి, సాయంత్రం పూట పల్చగా ఒక పూత, మర్నాడు రెండో పూత.

ఎండుగడ్డి కోయండి, కాల్చొద్దు. సముద్రపు గాలికి కొవ్వొత్తి నిలవదు, ఒరిగి చీరకొంగు అంటుకుంటుంది. ఇసుక పోసిన కొబ్బరిచిప్పలో గుచ్చండి. ఎవరూ రాని సమాధులు ప్రతి తోటలో ఉంటాయి, వాటికీ ఒక పూత వేయండి.

ప్రశ్న: మా యువజనులు ఈస్టర్‌కి 60 పేద కుటుంబాలకు ఐదేసి కిలోల బియ్యం ఇద్దామనుకుంటున్నారు. ముందు ప్రసంగం విన్నవాళ్లకే టోకెన్ అని పెద్దలంటున్నారు. (మద్దిపాడు)

జవాబు: అలా చేయొద్దు. మీ పక్కనే జరిగిన చరిత్ర చూడండి. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టుగా తీసుకుని వేలమందికి పని, కూలి ఇప్పించాడు. బాప్తిస్మం అడిగినవారు ఎందరో ఉన్నా కరువు సాయం నడిచినంతకాలం ఇవ్వలేదు, గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగాకే, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఇంకో లెక్క. పెద్దవాళ్లు నలుగురున్న ఇంటికి రోజుకు ఒకటిన్నర కిలోల పైనే పడుతుంది, ఐదు కిలోలు మూడు రోజులు. అదే 300 కిలోలు నిజంగా పొయ్యి వెలగని 12 ఇళ్లకు 25 కిలోల బస్తాలుగా ఇస్తే పదిహేను రోజులు గడుస్తుంది. ఏ ఇళ్లో ఆశా కార్యకర్తను, రేషన్ డీలరును అడిగితే తెలుస్తుంది. ముందురోజు రాత్రి ఇంటికే చేర్చండి. ఎండలో వరుస కట్టించొద్దు, ఫోటోలు తీయొద్దు.

ప్రశ్న: స్టాఫ్ నర్సుని. ఈస్టర్ ముందు రాత్రి నాకు డ్యూటీ పడింది. తెల్లవారుజామున ఆరాధనకు వెళ్లలేను, పండగే పోయినట్టుంది. (నెల్లూరు)

జవాబు: పోలేదమ్మా. శిష్యులు తలుపులు మూసుకుని ఉన్న గదిలోకి యేసు వచ్చింది ఆ ఆదివారం సాయంత్రమే (యోహాను 20:19). ఎమ్మాయు అనే ఊళ్లో ఆయన రొట్టె విరిచిందీ పొద్దు వాలాకే. ఉదయం డ్యూటీ దిగి నిద్రకళ్లతో స్కూటీ మీద మందిరానికి పరుగెత్తకండి. ఇంటికెళ్లి పడుకుని, సాయంత్రం ఆరాధన ఉన్న మందిరానికి వెళ్లండి. వచ్చే ఏడాది డ్యూటీ మార్చుకోవాలంటే చార్టు వేయకముందే ఇన్‌ఛార్జి సిస్టర్‌కి చెప్పండి. ఉగాదికి, రంజానుకు తోటివాళ్ల డ్యూటీ చేస్తానని మీరే ముందు అడిగి ఉంటే ఆ మార్పు తేలిగ్గా దొరుకుతుంది.